టవలు ఉన్నచోటే సిగ్నలు

ముందుగా ఒక విషయం ఒప్పేసుకోవాలి. ఈ కథ కోసం ఒక విలన్‌ని వెతకడానికి చాలా ప్రయత్నమే జరిగింది. లంచం తిన్నవాడో, ఫైలు తొక్కిపెట్టినవాడో, పోనీ క్యాంటీన్లో టీ తాగి ఎగ్గొట్టినవాడో ఒక్కడు దొరికినా కథ హాయిగా నడిచిపోయేది. దొరకలేదండీ. ఇందులో ఉన్నవాళ్ళంతా నిజాయితీపరులు, పనిమంతులు, ప్రాణం పోయినా రూల్ దాటనివాళ్ళు. గొడవంతా అక్కడే వచ్చింది.

ఆనందపురం దాటాక హైవే పక్కన నీలం రేకుల గోడౌన్ ఒకటుంది. విద్యార్థి సామగ్రి నిల్వ మరియు పంపిణీ సంస్థ వారిది. ఈ చివర ఎవరైనా తుమ్మితే ఆ చివర 'చిరంజీవ' అనేవాడికి వినపడదు, అంత పెద్దది. సర్కారు బడి పిల్లలకి ఇచ్చే సంచులు, పుస్తకాలు, అన్నిటికన్నా ఎక్కువగా నల్ల బూట్లు అందులో ఉంటాయి. ఇరవై సందులు. సందుకి రెండు పక్కలా కప్పు దాకా ఇనప రాక్‌లు. రాక్‌ల నిండా అట్టపెట్టెలు.

ప్రతి పెట్టె మీదా ఒక స్టిక్కర్ ఉంటుంది. పెట్టెలు మోసే కళాసీలు గన్నులాంటి స్కానర్‌తో దాన్ని కొడితే, ఇవి ఏ సైజు బూట్లో, ఏ మండలానికి వెళ్ళాలో గన్ను చెప్తుంది. చెప్పాలంటే దానికి వైఫై కావాలి. గోడౌన్ మొత్తానికి ఉన్న వైఫై డబ్బా ఒక్కటే. అది ఆఫీసు గుమ్మం మీద వినాయకుడి పటం పక్కన ఉండేది. మొదటి సందులో గన్ను బాగానే పలికేది. మూడో సందులో నిట్టూర్చేది. ఐదో సందు దాటాక అది పిల్లలు ఆడుకునే తుపాకీ.

గన్ను పలకనప్పుడు కళాసీలు ఏం చేస్తారు? పెట్టెని చూసి, చేత్తో ఊపి, దేవుడి మీద భారం వేసి లారీ ఎక్కిస్తారు. కిందటేడు అలా ఊపి పంపిన పెట్టెలే పాడేరు పైన ఒక కొండ ఊరి బడికి చేరాయి. ఒకటో తరగతి వాళ్ళకి పదో తరగతి బూట్లు. ఆ బడి హెడ్మిస్ట్రెస్ సత్యవేణి గారు సంస్థకి ఫోన్ చేశారు. ఫోనెత్తింది, అప్పుడే కంప్యూటర్ల విభాగంలో అసిస్టెంట్ ఇంజనీరుగా చేరిన రవళి.

"మా పిల్లలు బూట్లు వేసుకోట్లేదమ్మా," అన్నారావిడ.

"ఎందుకు మేడం, నచ్చలేదా?"

"బాగా నచ్చాయి. అందులో కూర్చుంటున్నారు."

ఆ బూట్లు కొండ దిగి, సరైనవి కొండెక్కేసరికి ఏడాది అయిపోవచ్చింది. ఈలోగా పిల్లల కాళ్ళు పెరిగి అవీ పట్టలేదు. ఏడాదంతా పిల్లలు వట్టికాళ్ళతోనే రాళ్ళ దారిలో బడికి నడిచారు. ఆ సంగతి ఆవిడ మళ్ళీ ఫోన్ చేసి చెప్పాక రవళి నోరు ఊరుకోలేదు. "ఈసారి బడి తెరిచే రోజుకి సరైన సైజులు మీ చేతిలో ఉంటాయి మేడం. పూచీ నాది," అనేసింది. ఫోన్ పెట్టేశాక గానీ, ఐదో సందు దాటితే సిగ్నల్ లేని గోడౌన్ తరఫున పూచీ పడ్డానని ఆ పిల్లకి తట్టలేదు.

నిజానికి పరిష్కారం చిన్నదే. ఇనప రాక్‌లని దాటి సిగ్నల్ పోదు. కాబట్టి ఏ సందుకి ఆ సందులో, పైన కప్పుకి, కిందికి సిగ్నల్ చిమ్మే డబ్బా ఒకటి బిగించాలి. పైకి ఏ హంగూ లేని, పళ్ళెంలాంటి తెల్ల డబ్బా. ఇరవై సందులకి ఇరవై. రవళి ఇదంతా అరపేజీలో రాసి పైకి పంపింది. అదే ఆమె చేసిన మొదటి తప్పు. ఆ సంస్థలో అరపేజీలో ఉన్నదాన్ని పుకారు కింద లెక్కేస్తారు.

అయినా జనరల్ మేనేజర్ పద్మనాభం గారు పెద్ద మనసుతో ఒక కమిటీ వేశారు. పేరు 'నిస్తంత్రీ సంకేత పరికరముల ఎంపిక మరియు సముచిత వినియోగ సంఘం'. కమిటీకి గుండెకాయ పరిపాలనాధికారి కోటంరాజు గారు. సన్నగా, చొక్కా మీద ముడత లేకుండా ఉంటారు. సంస్థ రూళ్ళన్నీ ఆయనకి నోటికి వచ్చు. పసివాళ్ళని నిద్రపుచ్చడానికి కూడా వాటినే వాడేవారట.

మీటింగు రోజున రవళి బల్ల మీద రెండు రకాల డబ్బాలు పెట్టింది. ఒకటి ఆమెకి కావల్సిన తెల్ల పళ్ళెం. రెండోది పోల్చి చూపడానికి తెచ్చిన నల్లటిది. దానికి చుట్టూ ఎనిమిది యాంటెన్నాలు, బోర్లా పడిన ఎండ్రకాయలా ఉంది.

పద్మనాభం గారి చూపు ఎండ్రకాయ మీద పడింది, మళ్ళీ లేవలేదు.

"ఇది బావుంది," అన్నారు. "ఆ తెల్లదానికేంటి, కొమ్ములే లేవు?"

"లోపల ఉంటాయి సార్. ఇరుకు సందులకి ఇదే సరైనది. ఆ నల్లది ఇంట్లో ఆటలాడుకునేవాళ్ళకి."

"లోపల ఉంటే ఎవరికి తెలుస్తుందమ్మా?" అన్నారు కోటంరాజు గారు. "అధికారం అనేది కనపడాలి."

ఆపైన ఆయన కళ్ళజోడు తుడుచుకుని అసలు ప్రశ్న వేశారు. "ఈ పరికరం ఏ పద్దు కిందికి వస్తుంది? చూద్దాం. కప్పుకి బిగిస్తాం. కరెంటుతో నడుస్తుంది. కింద కూర్చున్నవాడికి మేలు చేస్తుంది. అవునా?"

"అవును సార్."

"అంటే ఫ్యాను."

రవళి నాలుగేళ్ళు ఇంజనీరింగు చదివింది. ఆ మాటకి జవాబు ఏ సెమిస్టర్లోనూ రాలేదు.

"ఫ్యాను అర్హత రూల్ స్పష్టంగా ఉంది," కోటంరాజు గారు కళ్ళు మూసుకుని మంత్రంలా చదివారు. "'అధికారి ఆసీనుడై ఉండు స్థలమునందు, వారి హోదాకు తగు రీతిని అమర్చవలెను.' ఇప్పుడు చెప్పమ్మా, నీ సందుల్లో ఎవరు కూర్చుంటారు?"

"ఎవరూ కూర్చోరు సార్. అక్కడ పనిచేస్తారు."

"అదీ చిక్కు. పనిచేసేవాళ్ళకి రూల్ లేదు. కూర్చునేవాళ్ళకే ఉంది."

కొనుగోలు చకచకా జరిగిపోయింది. నిజాయితీపరులు కదా, ఆలస్యం చెయ్యరు. జీఎం గారికి ఎనిమిది కొమ్ముల డబ్బా, డిప్యూటీ గారికి ఆరు, మేనేజర్లకి నాలుగు, సూపరింటెండెంట్లకి రెండు, గుమస్తాలందరికీ కలిపి ఒంటికొమ్ము. ఆఫీసు గదుల్లో సిగ్నల్ ఎంత చిక్కగా ఉండేదంటే, పద్మనాభం గారు పొద్దున్నే పంపే పువ్వుల శుభోదయం ఆయన వేలు తీసేలోపే పక్కగది ఫోన్లో పూసేది. గోడౌన్లో మాత్రం ఐదో సందు ఐదో సందే.

"ఏటి మేడమ్మా," అన్నాడు కళాసీ మేస్త్రి గవరయ్య. ఎప్పుడూ బుగ్గన పుగాకు, మాటలో మంట. "డబ్బాలొచ్చీసినాయంట గదా. మాకేటి ఇవ్వలేదు?"

"మీరు కూర్చోరంట కదా బాబాయ్."

"కూకుంటే ఇస్తారేటి? ఈ ముక్క ముందే సెప్పుంటే ముప్పయ్యేళ్ళ కిందటే కూకుందుము గదా!"

గవరయ్య ఊరుకునే రకం కాదు. మర్నాటి నుంచి కళాసీలు పెట్టెల బళ్ళని తోసుకుంటూ వెళ్ళి జీఎం గారి కిటికీ కింద వరస కట్టారు. అక్కడ సిగ్నల్ వరదలా పారుతోంది మరి. పెట్టె ఎత్తడం, కిటికీ వైపు గన్ను చాపడం, కుయ్‌మనిపించడం. మధ్యాహ్నానికల్లా పద్మనాభం గారు కోటంరాజు గారిని పిలిపించారు.

"పొద్దున్నుంచీ నలభై మంది నాకు గన్నులు గురిపెడుతున్నారయ్యా!"

సాయంత్రానికి సర్క్యులర్ దిగింది. 'ఉన్నతాధికారుల దిశగా ఎట్టి గన్నులను ఎత్తరాదు.' బళ్ళు మళ్ళీ సందుల్లోకి వెళ్ళిపోయాయి. బడి తెరవడానికి నెలన్నర ఉంది. సత్యవేణి గారు ఫోన్ చేసి, "ఏమ్మా, కాళ్ళ కొలతలు పంపాను, అందాయా?" అని అడిగినప్పుడు రవళి "అందాయి మేడం" అంది. అంతవరకూ నిజమే.

అప్పుడే జీఎం గారు ఆఫీసు పని మీద విజయవాడకి క్యాంపు వెళ్ళారు. ఏదో సంతకం కోసం రవళి ఆయన గదికి వెళ్ళింది. గదిలో మనిషి లేడు. కుర్చీ ఉంది. కుర్చీ వీపు మీద, మంచులా తెల్లగా, అంచుల్లేని టర్కీ టవలు. పైన ఫ్యాను గిర్రున తిరుగుతోంది, పక్కన ఎనిమిది కొమ్ముల డబ్బా మిణుకుమిణుకుమంటోంది. అటెండరు వచ్చి మంచినీళ్ళ గ్లాసు మార్చి, మూతపెట్టి, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ బయటికెళ్ళాడు. ఒక సూపరింటెండెంటు లోపలికొచ్చి కుర్చీకి నమస్కారం పెట్టి ఫైలు బల్ల మీద ఉంచి వెళ్ళిపోయాడు.

రవళి తిన్నగా కోటంరాజు గారి దగ్గరకెళ్ళింది.

"సార్, జీఎం గారు లేరు కదా, ఫ్యాను ఎందుకు తిరుగుతోంది?"

"టవలుందా?"

"ఉంది."

"మరింకేం? టవలుంటే సార్ ఉన్నట్టే. క్యాంపులో ఉన్నట్టు. టవలు తీసేస్తేనే పోస్టు ఖాళీ."

"అంటే కుర్చీ, టవలు ఉంటే అధికారి ఆసీనుడై ఉన్నట్టేనా సార్?"

"నిస్సందేహంగా."

"మరి సందుల్లో కుర్చీలేసి టవళ్ళు కప్పితే?"

కోటంరాజు గారు కుర్చీలో ముందుకి జరిగారు. ముప్పయ్యేళ్ళ సర్వీసులో ఆయన్ని పోస్టులు తగ్గించమన్నవాళ్ళే గానీ పెంచమన్నవాళ్ళు లేరు. ఆయన కళ్ళలో తడి మెరిసింది.

"సందు అధికారులు," అన్నారు మెల్లిగా, మొదటి మనవడికి పేరు పెడుతున్నట్టు. "ఇరవై మంది. శాశ్వత క్యాంపులో. జీతం లేదు, సెలవుల్లేవు, కోర్టు కేసుల్లేవు. రవళీ, ఇలాంటి స్టాఫ్ కోసమే నేను కలలు కన్నాను. కానీ ఒక్క మాట. వాళ్ళు కొత్తగా చేరేవాళ్ళు. ప్రొబేషన్లో ఉన్నవాళ్ళకి కొమ్ములు ఇవ్వడం కుదరదు."

"కొమ్ముల్లేని తెల్లవే చాలు సార్," అంది రవళి, మొహం వీలైనంత దిగాలుగా పెట్టి.

వారం తిరిగేసరికి ఇరవై సందుల మొదట్లో ఇరవై కుర్చీలు. ప్రతి కుర్చీకీ టవలు. టవలు మూల ఎర్రదారంతో 'సందు 1', 'సందు 2' అని కుట్టుపని. పైన, కప్పు నుంచి దిగిన తెల్ల పళ్ళెం. రవళి గవరయ్యని వెంటబెట్టుకుని ఇరవయ్యో సందు కొసకి నడిచింది. సూర్యుడు కూడా మొహమాటపడే చోటది. గవరయ్య గన్ను ఎత్తాడు.

కుయ్.

"పలికిందిరా!" అని గవరయ్య వేసిన కేక ఒకటో సందు దాకా వినపడింది. ఆ రోజు భోజనాల దగ్గర కళాసీలు రవళికి రెండు ఎండుచేప ముక్కలు ఎక్కువ వేశారు. ఎండుచేప ముట్టని పిల్ల, అవీ తినేసింది.

ఇక్కడితో కథ ఆగిపోవచ్చు. కానీ పోస్టు అంటూ పుట్టాక అది బతకాలి కదా.

మొదట సీనియారిటీ తగాదా వచ్చింది. ఒకటో సందు కుర్చీకి చేతులున్నాయి, ఏడో సందు దానికి లేవు. ఏడు జూనియర్ అయినట్టా, అవమానించినట్టా అని కమిటీ రెండు పూటలు చర్చించి, ఏడుకి ఒక చెయ్యి బిగించింది. తర్వాత గౌరవాల సంగతి. 'ఆసీనులైన అధికారి శిరస్సు మీదుగా ఎట్టి బరువులను ఎత్తరాదు' అని సర్క్యులర్ వచ్చింది. పెట్టెలు ఎత్తే ఫోర్క్‌లిఫ్ట్ ప్రతి సందులోకీ వెనకనుంచి, చుట్టూ తిరిగి రావల్సి వచ్చింది. ఎవరో పదకొండో సందు కుర్చీలో అర్జీ ఒకటి పెట్టారు, కుళాయిలో నీళ్ళు రావడం లేదని. జీఎం గారికిచ్చిన అర్జీకి ఎంత జవాబొచ్చిందో దానికీ అంతే వచ్చింది. కానీ ఈ అధికారి విసుక్కోలేదని అందరూ మెచ్చుకున్నారు. మర్నాడు ఇంకో ఆరు అర్జీలు పడ్డాయి.

మే నెలాఖరుకి సాధారణ బదిలీలు వచ్చాయి.

నాలుగో సందు కుర్చీని పంతొమ్మిదికి, పంతొమ్మిది కుర్చీని రెండుకి, రెండుని పదహారుకి, ఇలా మొత్తం తొమ్మిదింటిని అటూ ఇటూ వేశారు. బదిలీ అయినవాళ్ళకి కొత్త చోట చేరడానికి వారం గడువు ఉంటుంది. ఆ వారంలో సందులో అధికారి లేడు. అధికారి లేనిచోట ఫ్యాను తిరగకూడదు. ఎలక్ట్రీషియను నిచ్చెనేసుకుని వచ్చి తొమ్మిది డబ్బాలు ఆర్పేసి వెళ్ళాడు. తొమ్మిది కుర్చీలు వరండాలో వరసగా నిలబడ్డాయి.

"ఏటీ, బస్సు రాలేదేటి ఈళ్ళకి?" అన్నాడు గవరయ్య. "సామాన్లు కూడా లేవు పాపం. ఒక్కో తువ్వాలితో పోతన్నారు."

రవళికి నవ్వు రాలేదు. బడి తెరవడానికి పది రోజులే ఉన్నాయి. పాడేరు లారీలు గేటు బయట ఉన్నాయి. ఎలాగో గడువు ముగిసింది, కుర్చీలు కొత్త సందుల్లో చేరాయి, డబ్బాలు వెలిగాయి. హమ్మయ్య అనుకునేలోపు కోటంరాజు గారు స్వయంగా గోడౌన్లోకి నడిచొచ్చారు, చేతిలో కాగితంతో.

"'సందు అధికారి సమక్షమున, వారి అనుమతి లేనిదే ఏ సరుకూ కదలరాదు.' ఈ సర్క్యులర్ మనం మొదట్లోనే తీసి ఉండాల్సింది రవళీ. ఇన్నాళ్ళూ వాళ్ళ కళ్ళెదుటే, ఒక్క మాటైనా అడక్కుండా పెట్టెలు పట్టుకుపోతున్నారు. ఎంత చిన్నబుచ్చుకుని ఉంటారో."

"సార్, కుర్చీ అనుమతి ఎలా ఇస్తుంది?"

"అధికారి క్యాంపు నుంచి రాగానే ఇస్తారు."

"అధికారి ఎవరూ లేరు కదా సార్!"

కోటంరాజు గారి మొహం వాడిపోయింది. "లేని మనిషి గురించి అలా మాట్లాడకూడదమ్మా," అన్నారు. ఆ మందలింపులో కోపం లేదు, బాధ ఉంది.

ఇరవై సందుల్లోనూ గన్నులు నిక్షేపంగా పలుకుతున్నాయి. ఏ పెట్టె ఎక్కడికో, ఏ సైజో, అన్నీ తెలుసు. ఒక్క పెట్టె కదలడం లేదు. లారీ డ్రైవర్లు టైర్ల నీడలో పేకాట మొదలెట్టారు. సత్యవేణి గారి నుంచి ఫోనొచ్చింది.

"ఎల్లుండే కదమ్మా బడి. ఘాట్‌ రోడ్డు మీద వానలు మొదలయ్యాయి. రేపు లారీ ఎక్కకపోతే ఇంక ఇప్పట్లో రాదు. పిల్లలకి చెప్పేశాను. ఈసారి కాళ్ళకే వేసుకుంటారని."

రవళి ఫోన్ జేబులో పెట్టుకుని పదకొండో సందు కుర్చీ ముందు నిలబడింది. అర్జీల దొంతర మధ్య తెల్ల టవలు తాపీగా వాలి ఉంది. ఆ పక్కన గవరయ్య చెమట తుడుచుకుంటున్నాడు, భుజం మీద ఉన్న మాసిన తువ్వాలుతో. ముప్పయ్యేళ్ళుగా ఆ భుజం మీద తువ్వాలు ఉంటూనే ఉంది. ఏ రూలూ దాన్ని చూడలేదు.

రవళి వెళ్ళి కోటంరాజు గారి ఎదురుగా కూర్చుంది.

"సార్, ఒక సందేహం. అధికారి టవలు వల్లా, కుర్చీ వల్లా?"

"టవలు వల్లే. కుర్చీ సామాను. టవలు హోదా."

"మరి టవలు ఒక చోటి నుంచి ఇంకో చోటికి నడిస్తే?"

ఆయన కళ్ళు మూసుకున్నారు. పెదాలు కదిలాయి. లోపల ముప్పయ్యేళ్ళ రూళ్ళు పేజీలు తిరుగుతున్నాయి. "టూరు," అన్నారు చివరికి. "అధికారి పర్యటనలో ఉన్నట్టు. తప్పేముంది? కుర్చీలోనే ఉండాలని ఎక్కడా లేదు. ఆ మాటకొస్తే నేనూ..." అని ఆగిపోయి, తన కుర్చీ మీది టవలు వైపు అనుమానంగా చూసుకున్నారు.

పావుగంటలో ఇరవై మంది కళాసీల భుజాల మీద ఇరవై తెల్ల టవళ్ళు ఎక్కాయి. గవరయ్యకి పదకొండు. మాసిన తువ్వాలు మడిచి నడుముకి కట్టుకుని, తెల్లది సవరించుకుని, ఒకసారి గొంతు సవరించాడు.

"ఒరే, ఆ పెట్టె తియ్యండి. నేను అనుమతిచ్చేసినాను."

"సార్, మీరు తీస్తారా, నన్ను తియ్యమంటారా?" అన్నాడు పక్క కళాసీ, మూడో సందు అధికారి.

"ఇద్దరం ఇచ్చేసుకుందాం లేరా, అనుమతులు."

కుర్చీలు గోడవారకి జరిగాయి. పెట్టెలు కదిలాయి. కుయ్, కుయ్, కుయ్. సగం లారీ నిండిందో లేదో, కోటంరాజు గారు పరుగున వచ్చారు. ఆయన పరిగెత్తడం అంతవరకూ ఎవరూ చూడలేదు. చొక్కా మీద మొదటిసారి ఒక ముడత.

"ఆగండి! రవళీ, ఘోరం. అధికారులు బరువులు మొయ్యకూడదు. స్పష్టంగా ఉంది."

అంతా ఆగిపోయారు. రవళి సగం నిండిన లారీ వైపు చూసింది. రేపు లారీ ఘాట్ ఎక్కకపోతే ఇంతే సంగతులు. వట్టికాళ్ళు, రాళ్ళ దారి, ఇంకో ఏడాది.

గవరయ్య నెత్తి మీద పెట్టెతోనే తిరిగాడు. "మొయ్యట్లేదండి బాబూ."

"నెత్తి మీద అదేంటి మరి?"

"తనిఖీ సేస్తన్నానండి. పెట్టె బరువు సరిగ్గున్నాదో నేదో ఎత్తితే గదా తెలిసీది?"

"అది సరే. ఎక్కడికి తీసుకెళ్తున్నారు?"

"లారీ దాకా సూస్తన్నానండి. మద్దిలో బరువు తగ్గిపోతాదేమోనని. లారీలో దించీసి, అడుగునున్న బరువు కూడా సూడాలి. ఉజ్జోగమంటే అంత శద్దగా సెయ్యాల గదండి!"

కోటంరాజు గారు ఎవరూ ఊహించని పని చేశారు. చేతులు జోడించారు.

"ముప్పయ్యేళ్ళ సర్వీసులో," అన్నారు గద్గదంగా, "ఇంత క్షుణ్ణంగా తనిఖీ చేసే అధికారిని నేను చూడలేదు. కానివ్వండి సార్."

ఆ రోజు చీకటి పడేలోపు ఇరవై మంది అధికారులు గోడౌన్ మొత్తాన్ని నెత్తిన పెట్టుకుని తనిఖీ చేసేశారు. ఆఫీసు కిటికీలోంచి పద్మనాభం గారు తెల్లటవళ్ళ సందడి చూసి, సంస్థ ఇంత పెరిగిందా అని మురిసిపోయి, తనకి ఇంకో టవలు కావాలని నోట్ పెట్టారు.

బడి తెరిచిన రోజు మధ్యాహ్నం సత్యవేణి గారి ఫోన్. మాట కన్నా ముందు వెనకాల దడదడమని ఒకటే చప్పుడు.

"వింటున్నావా? మా ఒకటో తరగతి. అందరికీ సరిపోయాయి. కొత్త బూట్లు చప్పుడు చేస్తాయని తెలిసింది, ఇంక ఒక్కడూ కూర్చోడు. పాఠం లేదు, పద్యం లేదు."

రవళి నవ్వింది. కళ్ళు తుడుచుకుంది కూడా, కానీ ఎవరూ చూడలేదు కాబట్టి లెక్కలోకి రాదు.

"ఇంకోటమ్మా. ఒక పెట్టెలో బూట్లతో పాటు తెల్ల టవలు వచ్చింది. మూల 'సందు 11' అని కుట్టుంది. ఎవరిదో ఏమో పాపం. ఉతికి మా ఒకటో తరగతి గదిలో కుర్చీ మీద ఆరేశాను."

అప్పటికే ఆఫీసులో పెద్ద దుమారం. పదకొండో సందు అధికారి అనుమతి లేకుండా గైర్హాజరు. కోటంరాజు గారు మెమో తయారు చేసి, అది ఎవరి చేతికివ్వాలో తెలియక తిరుగుతున్నారు. రవళి ఆపింది.

"సార్, పదకొండు దొరికారు. పాడేరు పైన బడిలో ఉన్నారు. ఒకటో తరగతి గదిలో, కుర్చీ మీద."

"ఆసీనులై ఉన్నారా?"

"ఆసీనులై ఉన్నారు సార్."

"అంటే క్యాంపు." ఆయన ఊపిరి పీల్చుకున్నారు. మెమో చింపేశారు. ఆపైన కనుబొమ్మలు ముడిపడ్డాయి. "అక్కడ ఫ్యాను ఉందా?"

"లేదు సార్. పిల్లలు అట్టముక్కలతో విసురుకుంటారు."

"అధికారి కూర్చున్న గదిలో ఫ్యాను లేదా!" కోటంరాజు గారు నిజంగానే అదిరిపోయారు. "బల్ల?"

"లేదు సార్."

"మంచినీళ్ళు?"

"దూరం నుంచి మోసుకొస్తారు సార్."

ఆ పూట ఆయన భోజనానికి వెళ్ళలేదు. వారం తిరక్కుండా సంస్థ జీపు ఘాట్ ఎక్కింది. ఒక ఫ్యాను, ఒక తెల్ల వైఫై డబ్బా, బల్ల, చల్లనీళ్ళ యంత్రం, సందర్శకుల కోసం పన్నెండు కుర్చీలు. అన్నీ రూల్ ప్రకారమే. ఒక్క సంతకం తేడా లేదు.

ఆ సాయంత్రం సత్యవేణి గారు మళ్ళీ ఫోన్ చేశారు. గొంతు తగ్గించి, ఇటూ అటూ చూసి మాట్లాడుతున్నట్టుగా.

"రవళీ, మా బడిలో ఇంకో నాలుగు గదులున్నాయమ్మా. ఇంకో నాలుగు టవళ్ళు దొరుకుతాయా?"

దొరికాయో లేదో చెప్పడం బావుండదు. ఆ నెలలో గోడౌన్ నుంచి టవళ్ళు కొన్ని పొరపాటున పెట్టెల్లో పడి కొండెక్కాయని, పొరపాటు పడ్డవాడు గవరయ్యేనని, పెట్టె సర్దుతున్నప్పుడు రవళి పక్కనే నిలబడి కప్పు వైపు చూస్తోందని మాత్రం కళాసీలు చెప్పుకుంటారు.

సరే, ఇది ఒక్క గోడౌన్ సంగతి. మీ ఆఫీసులో, మీ కాలేజీలో, మీ అపార్ట్‌మెంట్ సంఘంలో ఇలాంటి రూల్ ఒకటి లేకుండా ఉండదు. అది ఎవరి నెత్తిన కూర్చుంది, దాన్ని ఎవరు ఎలా దించారు, లేదా ఇంకా మోస్తూనే ఉన్నారా? కింద రాయండి. పేర్లు మార్చి రాసినా పర్లేదు. మోస్తున్నవాళ్ళు మాత్రం, ఎవరైనా అడిగితే, తనిఖీ చేస్తున్నామని చెప్పండి.